ఒక్క రింగు కొట్టి పెట్టేసే ఊరు

సాయంత్రం కుక్కర్ మూత తీస్తుంటే వంటగట్టు మీద పెట్టిన ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. అన్నం ఆవిరి ముఖానికి కొట్టింది. పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న నా స్నేహితురాలు "ఎవరో కట్ చేశారు, తిరిగి చెయ్యవా?" అంది. "అక్కర్లేదు, విషయం చేరింది" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. ఆమె తప్పేం లేదు. హైదరాబాదులో ఫోను మోగితే ఎత్తుతారు, ఎత్తకపోతే నొచ్చుకుంటారు. మా రాజపాళయం పక్కన ఒక ఊరు ఉంది, అక్కడ మోగిన ఫోను ఎత్తితేనే నొచ్చుకుంటారు.

తెర మీద "సీతాలక్ష్మక్క" అని పేరు కనిపించింది. అక్క పోయి ఏడాది కావస్తోంది. పోయిన మనిషి నంబరు నుంచి రింగు వస్తే ఎవరికైనా గుండె ఝల్లుమనాలి. నాకు మాత్రం నవ్వు వచ్చింది, కాస్త కన్నీళ్లు కూడా వచ్చాయి, అన్నిటికంటే ముందు ఆకలి వేసింది. ఆ రింగు కొట్టింది ఎవరో, రోజూ ఒక్కసారే మోగే నంబరు ఈ రోజు రెండుసార్లు ఎందుకు మోగిందో చెప్తాను. ముందు అక్క గురించి చెప్పకుండా అది చెప్తే మీకు అర్థం కాదు, పైగా అక్కకు కోపం వస్తుంది.

నేను పుట్టి పెరిగింది తమిళనాడులోని రాజపాళయంలో. మా నాన్న నూలు మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాలేజీలో వచ్చీ రాని ఇంగ్లీషు. తెలుగు చదవడం, రాయడం ఇక్కడికి వచ్చాకే పట్టుబట్టి నేర్చుకున్నాను. మాది రాజపాళయం అనగానే ఇక్కడివాళ్లు కుక్కల గురించి అడుగుతారు. తెల్లగా, పొడుగ్గా, దర్జాగా ఉంటాయట కదా అంటారు. ఉంటాయి, కాదనను. కానీ నాకు ఆ పేరు చెప్పగానే గుర్తొచ్చేది బియ్యం డబ్బా అంత ఉన్న ఒక పెట్టె, ఆ పెట్టెను కంటికి రెప్పలా కాపాడుకున్న ఒక మనిషి.

ఆర్. సీతాలక్ష్మి. బజారులో మిక్సీలు, ఫ్యాన్లు, సెల్ ఫోన్లు అమ్మే కొట్టు ఆమెది. తాతల కాలం నుంచి వ్యాపారమే చేసుకుంటున్న కుటుంబం. మనిషి పొట్టి, గొంతు మాత్రం చాలా పెద్దది. బేరమాడే వాళ్లతో పోట్లాడేది, పోట్లాడినాక కూర్చోబెట్టి కాఫీ ఇప్పించేది. ఆమె భర్త రామసామి అన్న కొట్టు వెనక స్టూలు మీద కూర్చుని పాత మిక్సీలు బాగుచేస్తుండేవాడు. నోట్లో నాలుక ఉందా అని అనుమానం వచ్చేంత మౌనం ఆయనది. సెల్ ఫోన్లు అమ్మే కొట్టులో ఉంటూ సొంత ఫోను లేని మనిషి. ఎవరైనా అడిగితే అక్క వైపు తల ఊపి, "ఈమె అరిస్తే తళవాయిపురం దాకా వినబడతాది. నాకు ఫోను ఎందుకు?" అనేవాడు. అంతే, ఆ రోజుకు ఆయన మాటలు అయిపోయినట్టే.

నేను ఇంజనీరింగు ముగించి పని వెతుక్కుంటున్న రోజుల్లో అక్క నన్ను కొట్టుకు పిలిచింది. మార్కులు అడగలేదు. "ధనం, నిచ్చెన ఎక్కుతావా?" అంది. ఎక్కుతానన్నాను. "కారం తింటావా?" అంది. తింటానన్నాను. "శరి, రేపు వచ్చేయి" అంది. నా జీవితంలో నేను పాసైన ఇంటర్వ్యూలన్నిటిలోనూ అదే ఘనమైనది.

పని ఏమిటంటే, పట్నానికి పడమట కొండ కింద మామిడి తోపులు దాటాక ఒక చిన్న ఊరు ఉంది. కాగితాల్లో దానికి ఏదో పేరు, నోళ్లలో మాత్రం మేలకాడు. తోపుల్లో కాపలా కాసేవాళ్లు, కాయ దింపేవాళ్లు, వాళ్ల కుటుంబాలు. మా లాగే తెలుగు ఇళ్లే ఎక్కువ. పెద్ద కంపెనీల సిగ్నలు కొండ మలుపు దగ్గరే ఆగిపోయేది. కాసిని ఇళ్ల కోసం అక్కడ టవరు వెయ్యడం ఏ కంపెనీకీ గిట్టదు. అలాంటి ఊళ్ల కోసమే చెన్నైలో ఒక చిన్న సంస్థ ఈ పెట్టె తయారుచేసింది. రెండు బల్బులకు కావాల్సినంత కరెంటు ఉంటే చాలు, ఎండతో నడిచే పలక ఒకటి దానికి తోడు. ఊరి నీళ్ల ట్యాంకు మీద గుంజకు కట్టేస్తే ఊరంతా, తోపంతా ఫోన్లు పనిచేస్తాయి. పట్నంలో అక్క కొట్టు డాబా మీద సిగ్నలు అందుకునే పలక ఒకటి పెడితే, దాని ద్వారా బయటి ఊళ్లకు కూడా కలుస్తుంది. దగ్గరుండి చూసుకునే మనిషి కావాలని ఆ సంస్థ వాళ్లు వెతికితే, అడగకముందే చెయ్యి ఎత్తింది అక్క.

మొదటి రోజు నేను సామాను దింపి నేరుగా నిచ్చెన వైపు నడిచాను. అక్క నా కొంగు పట్టుకుని లాగింది.

"యాడికి పోతావు? ముందు సాపాటు."

"అక్కా, పని ముగించి తింటాము."

"నా పద్ధతి విను. ఏ ఊరిలో పెట్టె పెట్టేదానికైనా ముందు ఆ ఊరిలో మూడు పూటలు తినాల. తినకుండా ఆ ఊరి గురించి నువ్వు ఏమి చెప్పినా అది సుమ్మా మాటే."

సుమ్మా అంటే ఉత్తది అని. ఆ మాట అక్క నోట రోజుకు వందసార్లు వచ్చేది. ఆ రోజు గురవమ్మ అనే ఆమె ఇంట్లో సజ్జ కూడు, మామిడికాయ ఊరగాయ తిన్నాం. గురవమ్మ భర్త గురుసామి పైతోపు కాపలాదారు. ఆమె పెట్టెను తిప్పి తిప్పి చూసి పెదవి విరిచింది. "ఇంత చిన్నదా? మాకు పెద్ద టవరు రాదా అక్కా?" అంది.

"పెద్ద టవరుది పెద్ద గొంతు, మదురై దాకా అరుస్తాది" అంది అక్క. "దీనిది చిన్న గొంతు. నీ ఊరు, నీ తోపు, అంతే. ఇంట్లో మొగుణ్ణి పిలిచేదానికి మైకు పెట్టుకుంటావా?"

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. తక్కువ శక్తితో నడిచే యంత్రం గురించి నేను కాలేజీలో ఎన్ని పాఠాలు విన్నా, అంత తేటగా ఎవరూ చెప్పలేదు.

పెట్టె పెట్టి కొన్ని వారాలు గడిచాయి. నాకు నిద్ర పట్టడం మానేసింది. పెట్టె పంపే వివరాలు కొట్టులో కంప్యూటరులో చూస్తే ఫోన్లు మోగుతున్నాయి, కానీ ఎవరూ మాట్లాడటం లేదు. ఒకసారి మోగి ఆగిపోవడం, రెండుసార్లు మోగి ఆగిపోవడం, రోజంతా ఇదే వరస. యంత్రంలోనే లోపం ఉందనుకున్నాను. ట్యాంకు ఎక్కి తీగ మార్చాను, గుంజ కాస్త తిప్పి చూశాను, అతుకు దగ్గర నీళ్లు దిగుతున్నాయేమోనని అక్క ఇచ్చిన, పక్కూరు సత్రపట్టిలో నేసే బ్యాండేజీ గుడ్డ చుట్టి పైన టేపు వేశాను. గుడ్డ చుట్టాను గానీ రోగం తగ్గలేదు. సరిగ్గా అప్పుడే చెన్నై నుంచి ఫోను వచ్చింది. జనం మాట్లాడని చోట పెట్టె ఉంచి లాభం లేదని, అధికారి వచ్చి ఒకసారి చూస్తారని, ఇలాగే ఉంటే దాన్ని విప్పి వేరే ఊరికి పంపుతామని.

ఏడుపు గొంతుతో అక్కకు చెప్పాను. ఆమె చేతిలో ఫ్యాను రెక్క తుడుస్తూ, "మేలకాడులో ఎన్ని పూటలు తిన్నావు?" అని అడిగింది.

"ఆ రోజు నీతో తిన్నాను గదా. ఒకటి."

"పో. మిగిలింది తినేసి రా."

ఇంత కష్టంలో ఈమెకు తిండి గోల ఏమిటని గొణుక్కుంటూ మరునాడు పొద్దున్నే గురవమ్మ ఇంటికి వెళ్లాను. ఇడ్లీ పెట్టింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో, గూట్లో ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. నేను ఎగిరి లేచాను. "ఎత్తు పిన్నీ, ఎత్తు!"

గురవమ్మ చట్నీ కలుపుతూనే ఉంది. "ఎత్తేది ఎందుకు? ఆయన తోపు చేరినాడు."

"ఎలా తెలుసు? మాటలాడలేదే!"

"ఒక రింగు కొట్టినాడు గదా. ఒక రింగు అంటే చేరినాను అని. రెండు అంటే సాపాటు అయింది, దిగి రా అని. ఇక్కడ అందరికీ అదే లెక్క. కాయ దిగే రోజుల్లో మేము ఇంటికొక పూట వంతు వేసుకుని కాపలావాళ్లకందరికీ వండుతాము. ఎవరి వంతో వాళ్లు అందరికీ రెండు రింగులు కొట్టేది."

"మూడు కొడితే?"

గురవమ్మ చట్నీ గిన్నె కింద పెట్టింది. "మూడు కొడితే ఏనుగు దిగింది, ఉన్నచోటే నిలబడు అని. పోయిన వారం నేను నీళ్ల బిందెతో పైదారిలో పోతా ఉంటే మూడు కొట్టినాడు. అక్కడే తిరుక్కుని పరుగెత్తినాను. వెనక కొమ్మలు విరిగే చప్పుడు, ధనం, ఇంకా నా చెవిలో ఉంది. నన్ను ఎత్తి మాటలాడమంటావు. చెట్టు కింద ఏనుగు నిలబడి ఉంటే పైన మంచె మీద ఆయన ఎట్లా మాటలాడతాడు? రింగు కొడితే ఇక్కడ మోగతాది, అక్కడ మోగదు."

నేను లోపం అనుకున్నది ఆ ఊరు కనిపెట్టుకున్న భాష. మూడో పూట కూడా అక్కడే తిని, సందు సందున పరుగెత్తుకుంటూ కొట్టుకు వచ్చి చెప్పాను. అక్క నవ్వింది చూడండి, అల్మారాలో గాజు గ్లాసులు గలగలలాడాయి. వెనక స్టూలు మీద రామసామి అన్న కూడా నవ్వాడు. నవ్వు ఆగాక అక్క ముఖం మారిపోయింది. "ఆ చెన్నై సారు మాటలే లెక్క పెడతాడు. పెట్టె పోతే గురవమ్మ ఆ దారిలో మళ్లా ఏమీ తెలియకుండా నడిచి పోతాది" అంది. ఆమె భయపడగా చూడటం నాకు అదే మొదటిసారి.

భయంలో మనిషి తెలివి గడ్డి తింటుందంటారు. అక్క తెలివి కూడా ఆ వారం కాస్త గడ్డి తిన్నది. నాకు చెప్పకుండా మేలకాడు వెళ్లి, సారు వచ్చే రోజు అందరూ ఫోనులో మాట్లాడుతూ ఉండాలని చెప్పి వచ్చింది. దానిది చిన్న గొంతని ఊరందరికీ చెప్పిన ఆ మనిషే, ఆ పెట్టె ఒకేసారి కొందరి మాటలే మోయగలదన్న సంగతి మరిచిపోయింది.

చెన్నై సారు పొద్దున పదింటికి కారు దిగాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మనిషి. ఆయన మాట్లాడింది తమిళంలో, నేను తెలుగులో రాస్తున్నాను. ఊళ్లోకి అడుగు పెట్టగానే ఆయన కళ్లు తిరిగాయి. అరుగు మీద కూర్చున్న అవ్వ పక్క అరుగు మీది అవ్వతో ఫోనులో మాట్లాడుతోంది. ఒకడు గుమ్మంలో నిలబడి లోపల రుబ్బుతున్న పెళ్లానికి ఫోను చేసి, "ఏమి చేస్తా ఉండావు?" అంటున్నాడు. ఆమె, "నీ ముఖమే చూస్తా ఉండాను" అంటోంది. లైను దొరకని వాళ్లు ఇంకా పెద్దగా అరుస్తున్నారు. పెట్టె ఉక్కిరిబిక్కిరి అయిపోయింది. సారు తన ఫోను తీశాడు, అది పెద్ద కంపెనీది, అందులో సిగ్నలే లేదు. గురవమ్మ ఫోను అడిగి తీసుకుని ఒక నంబరుకు చేశాడు, పోలేదు. ఇంకోటి చేశాడు, పోలేదు. నా వైపు తిరిగి, "ఇదేనా మీ సేవ?" అన్నాడు.

అక్క చేతులు నోటి చుట్టూ పెట్టుకుంది. "అందరూ ఫోన్లు పెట్టేయండి రా!" తళవాయిపురం మాట ఏమో గానీ, కొండకు తగిలి ఆ కేక తిరిగి వచ్చింది. ఊరు ఒక్కసారిగా నోరు మూసుకుంది.

"మాటల సంగతి తరువాత, కనీసం మోగుతుందో లేదో చూస్తాను" అని సారు గురవమ్మ ఫోనులో ఉన్న తోపువాళ్ల నంబర్లు వరసగా నొక్కడం మొదలుపెట్టాడు. ఒక్కో నంబరు, రెండు రింగులు, కట్. మళ్లీ ఇంకో నంబరు, రెండు రింగులు, కట్. గురవమ్మ నోరు తెరిచింది. ఆ పూట వంట వంతు ఆమెదే మరి, పొయ్యి మీద ఇంకా ఎసరు కూడా మరగలేదు. సారును ఆపబోతుంటే అక్క ఆమె ముంజేయి పట్టుకుంది. అక్క కళ్లు మెరుస్తున్నాయి. "సారు పని చేసుకుంటా ఉండారు. అడ్డం పోవద్దు" అంది మెల్లగా. అక్క అంత మెల్లగా మాట్లాడగలదని నాకు ఆ రోజే తెలిసింది.

సారు ఫోను తిరిగి ఇచ్చి, అరుగు మీద కూర్చుని, మామిడి ముక్కలు తింటూ, పెట్టె తీసేయక తప్పదని మాకు మర్యాదగా వివరించసాగాడు. అక్క మర్యాదగా తల ఊపసాగింది. కాసేపటికి తోపు దారిలో ఒక మనిషి కనిపించాడు. వెనక ఇంకొకడు. ఆ వెనక సైకిలు మీద ఇద్దరు. తలపాగాలు విప్పి చెమట తుడుచుకుంటూ కాపలావాళ్లంతా వచ్చి గురవమ్మ గుమ్మం ముందు నిలబడ్డారు. గురుసామి పొయ్యి వైపు తొంగి చూసి, "ఏమే, పొద్దు ఎక్కకుండానే సాపాటు అయిందా?" అన్నాడు.

"వీళ్లంతా ఎవరు?" అన్నాడు సారు.

"మీరు పిలిచినోళ్లే సార్" అంది అక్క.

"నేను ఎవరినీ పిలవలేదే!"

"పిలిచినారు. రెండు రింగులు కొట్టినారు. ఈ ఊరిలో రెండు రింగులు అంటే సాపాటు అయింది, దిగి రా అని. మాటలాడలేదని చెప్తా ఉండారు గదా సార్. మీరూ ఒక్క మాట మాటలాడలేదు. అందరూ వచ్చి నిలబడినారు చూడండి."

సారు ఆ మనుషుల్ని చూశాడు, గురవమ్మ చేతిలోని ఫోనును చూశాడు, తరువాత ఇస్త్రీ చొక్కా నలిగేలా వంగి నవ్వడం మొదలుపెట్టాడు. అప్పుడే గురుసామికి తోపు గుర్తొచ్చింది. "అయ్యో, కోతులు!" అన్నాడు. వచ్చినవాళ్లంతా వచ్చిన దారినే పరుగు. ఆ రోజు కోతులు తిన్న కాయల పాపం మొత్తం చెన్నై ఖాతాలోకే పోయిందని అక్క చాలా కాలం చెప్పుకుంది.

నవ్వులు సద్దుమణిగాక గురవమ్మ మూడు రింగుల సంగతి చెప్పింది. సారు నిదానంగా విన్నాడు. "ఈ పెట్టె తీసేస్తే ఏం చేస్తావమ్మా?" అని అడిగాడు.

"ముందర మాదిరే పోతాను సార్. దేవుడు ఉండాడు" అంది గురవమ్మ. "అయినా, దేవుడు రింగు కొట్టడు గదా."

సారు మధ్యాహ్నం దాకా ఉన్నాడు. అన్నం వార్చాక అక్క ఫోను ఆయన చేతికే ఇచ్చి, "ఇప్పుడు నిజంగా కొట్టండి" అంది. ఆయన పరీక్ష రాసే పిల్లవాడిలా ఒక్కో నంబరుకూ జాగ్రత్తగా రెండు రింగులు కొట్టాడు. కాపలావాళ్లు ఈసారి తోపుకు ఒకణ్ణి వదిలి వచ్చారు. అందరితో పాటు నేల మీద కూర్చుని తిన్నాడు సారు. పెట్టె మేలకాడులోనే ఉండిపోయింది. మాటలతో పాటు రింగులను కూడా వాడకం కింద లెక్కలోకి తీసుకుంటామని చెన్నై నుంచి కబురు వచ్చిన రోజు అక్క కొట్టు ముందు పోయేవాళ్లందరికీ మైసూరు పాకు పంచింది, బేరమాడే వాళ్లతో సహా.

ఆ తరువాత అక్కతో ఇంకొన్ని ఊళ్లలో పెట్టెలు పెట్టాను. ప్రతిచోటా ముందు మూడు పూటలు తిన్నాను. నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చినప్పుడు బస్సు దగ్గరికి వచ్చి, "ఇల్లు చేరితే ఒక రింగు కొట్టు. నేను ఎత్తను" అంది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఇంటికి రాగానే ఒక రింగు కొట్టేదాన్ని. కొట్టు మూసి ఇల్లు చేరాక ఆమె ఒకటి కొట్టేది. ఎప్పుడైనా నేను మరిచిపోతే అప్పుడు నిజంగా ఫోను చేసేది, ఆ తిట్లు వినడానికి కావాలనే మరిచిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

అక్క పోయింది. జబ్బు పెద్దగా ఏడిపించలేదు, చివరి వారం దాకా కొట్టులో అరుస్తూనే ఉంది. నేను వెళ్లి, ఉండాల్సిన రోజులు ఉండి, తిరిగి వచ్చాను. బయలుదేరేటప్పుడు రామసామి అన్న స్టూలు మీద నుంచి లేచి, "కాయ దిగేటప్పుడు రా" అన్నాడు. అంతే. హైదరాబాదులో దిగి, ఇంటి తాళం తీసి, అలవాటు కొద్దీ అక్క నంబరుకు ఒక రింగు కొట్టి పెట్టేశాను. పెట్టేశాక గాని గుర్తు రాలేదు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. అప్పుడు ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఆమె నంబరే. ఫోను ఎందుకని జీవితమంతా అన్న మనిషి, భార్య ఫోను తీసి, వేలితో వెతుక్కుని, నాకు ఒక రింగు కొట్టాడు. ఆ రోజు నుంచి ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. ఇంతవరకూ మేమిద్దరం ఫోనులో ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఇప్పుడు నా ఉద్యోగంలో కొత్త పని ఏది వచ్చినా, కాగితాలు తెరిచేముందు ఆ ఊరికో, ఆ వీధికో పోయి మూడు పూటలు తిని వస్తాను. మా ఆఫీసులో నాకు తిండిపోతు అని పేరుంది. అది అక్క ఇచ్చిన ఆస్తి, ఎవరేమన్నా వదులుకోను. ఎవరైనా పలకకపోతే లోపం వాళ్లలో ఉందనుకోవడం కూడా ఎప్పుడో మానేశాను.

ఈ సాయంత్రం ఆ నంబరు రెండుసార్లు మోగింది. మేలకాడు తోపులో కాయ దిగుతున్నట్టుంది. స్నేహితురాలు ఇంకా అడుగుతూనే ఉంది, "తిరిగి చేసి ఏమిటో కనుక్కోవచ్చు కదా?" అని. నేను పొయ్యి ఆపి, రాత్రి బస్సుకు టికెట్టు తీసుకున్నాను.